తప్పు నాదన్న కోచ్

గిద్దలూరులో మా ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా ఉన్న మనిషికి ఒక అలవాటు ఉండేది. మా గోల్‌లో బంతి పడితే ఆటగాళ్ల మీద అరిచేవాడు కాదు. గీత పక్కనే నిలబడి జనం వైపు తిరిగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "తప్పు నాది" అనేవాడు. గోల్‌కీపర్ దిక్కులు చూస్తూ నిలబడి గోల్ ఇచ్చినా అదే మాట.

జట్టును నడిపే కమిటీ అధ్యక్షుడి మేనల్లుణ్ణి కోచ్ ఆటలోకి తీసుకోలేదు. పది అడుగులు పరుగెత్తలేనివాణ్ణి ఎవడు తీసుకుంటాడు? ఆ కక్షతోనే, కంభంలో ఓడివచ్చిన మర్నాడు ఆయన్ను తీసేయడానికి కమిటీ కూర్చుంది. కారణం ఏం రాయాలో ఎవరికీ తోచలేదు. నేను బడికి పోయింది తక్కువే అయినా, చేతిరాత బాగుంటుందని తీర్మానాలు నాచేతే రాయించేవారు.

"దీనికింత ఆలోచనేంది? తప్పు నాదని ఊరందరి ముందర ఆయనే ఒప్పుకుంటా ఉండాడు గదా!" అన్నాను.

అందరూ నవ్వి నా భుజం తట్టారు. నేనూ ఉబ్బిపోయి అదే రాశాను. అంతకంటే నీచం ఇంకేముంటుంది?

ఆ కాగితం ఇవ్వడానికి నేనే వెళ్లాను. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"సరే మామా. ఆ గోల్‌కీపర్‌ను మాత్రం ఏమనొద్దండి. వాడు జడిసినాడంటే చేతులు లేవవు."

"నేను చూసుకుంటా లే, నువ్వు పో" అన్నాను.

తర్వాతి ఆదివారం మా గోల్‌లో బంతి పడింది. అంతమంది జనంలో ఆ గోల్‌కీపర్‌ను మొట్టమొదట తిట్టింది నేనే.