నాలుగు నోళ్ల ట్యాబు

ఆ రోజుల్లో చేతిలో ఉన్న వస్తువుకంటే ఇంకా చేతికి రాని వస్తువు గురించి మాట్లాడుకోవడంలోనే నాకు హాయి ఉండేది. కర్నూలులో ఒక కంప్యూటర్ సెంటరులో కొత్తగా పనికి చేరాను. నెట్‌లో చదివిన పుకార్లన్నీ ఆదివారం బనగానపల్లె దగ్గరున్న మా ఊరి చర్చికి మోసుకుపోయేవాణ్ణి. అక్కడ పాటల పుస్తకం అట్టలూడి పేజీలు రాలిపోతుంటే, దాని బదులు ఒక ట్యాబు కొందామని యువజనులు తీర్మానించి, ఏది కొనాలో తేల్చే బాధ్యత నా మీద పెట్టారు (ఊళ్ళో కంప్యూటర్ ముట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే మరి). ఇప్పుడే వద్దు, కొత్త మోడల్ వస్తోంది, ఆగమన్నాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా పుట్టని ఆ ట్యాబు గుణగణాలను వారం వారం వర్ణిస్తూ పోయాను.

అనుమానమంతా మా పెద్దమ్మకే. ఆమెను ఊరంతా మైకు పెద్దమ్మ అనేవాళ్ళు (మైకు అక్కర్లేని గొంతు గనక). చర్చిలో చాలామందికి చదువు రాదు. పెద్దమ్మ పుస్తకం పట్టుకుని ముందు నిలబడి ఒక్కో వరుస చెబితే, దాన్ని అందుకుని అందరూ పాడేవారు. ఆ నిలబడే చోటు తప్ప ఆమెకు ఈ లోకంలో వేరే పదవి లేదు. దాన్ని ట్యాబు లాగేసుకుంటుందని ఆమె భయం. ఆ భయం బయటపెట్టకుండా నా పుకార్లను గుచ్చి గుచ్చి విచారించేది. ఈసారి స్పీకర్లు నాలుగంట అంటే, "ఒక నోరుండే మనుషుల్నే నమ్మలేక చస్తాండాము, నాలుగు నోళ్లదాన్ని చర్చిలోకి తెస్తావా?" అంది. బ్యాటరీ చాలాసేపు నిలుస్తుందట అంటే, పాస్టరు అయ్యగారి ప్రసంగం అంతకంటే ఎక్కువసేపు నిలుస్తుందని తేల్చేసింది. ముందువైపు కెమెరా ఇంకా బాగా చూస్తుందట అన్నాను. ప్రార్థనలో ఎవరు కళ్ళు మూసుకోలేదో అది పట్టిస్తుందేమోనని ఆరా తీసింది (అది విన్న మా సంఘపెద్ద కొన్నాళ్ళు కళ్ళు మరీ గట్టిగా మూసుకున్నాడు).

తెర పెద్దదవుతుందట, అక్షరాలను కావలసినంత పెంచుకోవచ్చట అన్న రోజు మాత్రం పెద్దమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది. అన్నిటికీ అడ్డం తిరిగే మనిషి దీనికెందుకు ఊరుకుందా అని ఈసారి నాకు అనుమానం పట్టుకుంది.

చివరికి ట్యాబు వచ్చింది. నేను చెప్పిన గొప్పల్లో సగం కూడా దాంట్లో లేవు, నోళ్ళు రెండే. పుస్తకంలోని పాటలన్నీ నెట్‌లోంచి ఎక్కించి, మొదటి ఆదివారం దాన్ని పెద్దమ్మ ముందు నేనే పట్టుకుని నిలబడ్డాను. ఆమె తెర వైపు చూస్తూ "ఎండిన వంకల్లో తోడుండే కాపరీ" అని చెప్పింది, చర్చి అంతా అందుకుంది. నేను తెర చూశాను. అక్కడున్నది "పచ్చిక బీళ్ళలో తోడుండే కాపరీ". పొరపాటు పడిందేమోనని అక్షరాలు బాగా పెంచి చూపించాను. అప్పుడు చదివింది కాబోలు, వరుస మధ్యలోనే పాట ఆపేసింది. ఎన్నేళ్ళుగానో ఆమెకు పుస్తకంలో అక్షరం కనబడటం లేదని నాకు అప్పుడర్థమైంది. మరిచిపోయిన చోటల్లా, మా ఊరి ఎండిన వాగుల్లాంటి సొంత మాట వేసింది. ఊరంతా దాన్నే పాడుతోంది.

పాట ఆగేసరికి ముందు వరుసలోని సంఘపెద్ద లేచి వచ్చి, నా భుజం మీదుగా తెరలోకి తొంగిచూశాడు. "పచ్చిక యాడుండాదప్పా ఈడ? నీ ట్యాబులో తప్పు పడినట్టుండాదే," అన్నాడు. పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"అప్‌డేట్ రావాల పెద్దయ్యా," అన్నాను. "కొత్త మోడల్ కదా, మన పాటలు దానికింకా తెలీవు."

కొత్త వస్తువును నమ్మరాదన్న తన అభిప్రాయం రుజువైనందుకు ఆయన తృప్తిగా వెళ్ళి కూర్చున్నాడు. పెద్దమ్మ గొంతు సవరించుకుని, ఎండిన వంకల్లోంచే పాట మళ్ళీ ఎత్తుకుంది.

ఆ మధ్యాహ్నం ట్యాబులోని పాటను ఆమె పాడినట్టే దిద్దాను. పెద్దమ్మ పక్కనే కూర్చుని చూసి, "ఈసారి వచ్చేదాంట్లో అక్షరాలు ఇంగా పెద్దగా ఉంటాయా నాయనా?" అంది. ఆ గొంతులో అనుమానం లేకపోవడం అదే మొదటిసారి. ఉంటాయట పెద్దమ్మా అన్నాను, ఏ పుకారూ చదవకుండానే.

ఇప్పుడు పెద్దమ్మ లేదు. ఆమె ఉంటే బాగుండునని చాలాసార్లు అనిపిస్తుంది. నాకూ నలభై దాటాయి. ఆఫీసులో కుర్రాళ్ళు రాబోయే ట్యాబులో ప్రాసెసర్ ఇంతట, మెమరీ అంతట అని ఊదరగొడుతుంటే అన్నీ విని, అనుమానంగా ఒక్కటే అడుగుతాను, అక్షరాలు ఎంత పెద్దవవుతాయని. వాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. నేనూ నవ్వుతాను. జేబులోని కళ్ళద్దాలు మాత్రం వాళ్ళెదుట ఇంకా బయటికి తీయలేదు.