నాటు గులాబీ ఎవరిది

మొక్కలావిడకీ ఆమె మరిదికీ మధ్య ఉన్నది ఒక్క తీగ కంచె. ఇటు నాలుగు వందల కుండీలు ఆవిడవి, అటు ఆరు వందలు అతనివి. అత్తగారు పోయాక నర్సరీ రెండైంది. మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే ఆవిడ కంచె ఇవతల నిలబడి కుండీలకు చెబుతుంది, అతను అవతల నుంచి రబ్బరు గొట్టానికి జవాబిస్తాడు.

తగవంతా నాటు గులాబీ అన్న పేరు మీద. ఒకప్పుడు ఆ పేరంటే జనం మూతి విరిచేవారు. "నాటువేనా, మంచివి లేవా?" అని ఎర్రగా, నిటారుగా, పెళ్లిపందిట్లో పెట్టినట్టుండే పూల వైపు పోయేవారు. ఇప్పుడు వాళ్లే వచ్చి నాటువి కావాలంటున్నారు. ఆవిడ లెక్కలో నాటు అంటే పాతకాలపు రకం. ఏడాదికొకసారి విరగబూసి ఊరుకుంటుంది. రేకులు లెక్కకు అందవు, పువ్వు బరువుకి తల వంచుకుంటుంది, ఎండి రాలినా వాసన వదలదు. ఇవన్నీ ఉన్నా చాలదు. కొమ్మ కోసి మట్టిలో గుచ్చితే తన వేళ్ల మీద తను బతకాలి. పరాయి మొక్క వేళ్ల మీద అంటు కట్టినది ఎంత ఘుమఘుమలాడినా నాటు కాదని ఆవిడ పట్టు.

మరిది అడవి గులాబీ మొదళ్ల మీదే అంట్లు కడతాడు. కుండీకొక చీటీ గుచ్చి నాటు గులాబీ అని రాస్తాడు. "జనం ముక్కుతో కొంటారు, వేళ్లు తవ్వి చూసి కాదు" అంటాడు.

ఆ ఉదయం పార్కు సూపర్‌వైజరు వచ్చాడు. ఆసుపత్రి ముందు తోటకి నలభై నాటు గులాబీలు కావాలి, ఇద్దరిలో ఒకరి దగ్గరే తీసుకుంటాడు. ఇంతకుముందు వేసిన మొక్కలు ఎండకి పైభాగం చచ్చి, కింది నుంచి ముళ్ల అడవిమొక్క లేచిందట. ఆ మాట వినగానే ఆవిడ కళ్లు కంచె వైపు తిరిగాయి.

"విన్నారా సార్, అది అంటు కట్టిన మొక్కల పని. ఆ చీటీలు రాసే మహానుభావుణ్ణి అడగండి, నాటు అంటే ఏంటో."

"మా వదినకి మొక్కలకంటే నోరు బాగా పెరుగుతుంది సార్," అన్నాడు మరిది, గొట్టం కట్టేసి. "నాటు అంటే పాత రకం. దాన్ని ఎలా పెంచామన్నది మా చేతి పని. ఆ మాటకొస్తే ఆవిడ తల్లిమొక్క ఎలా పుట్టిందో చూడమనండి."

"చూడమనే అంటున్నా. ఆ మొక్కని అత్తయ్య తన చేత్తో నా చేతికిచ్చింది. కొందరిలాగా చీటీ గుచ్చి ఇవ్వలేదు."

తల్లిమొక్క నడుమెత్తు పొద. ఆవిడ కుండీల్లో గుచ్చిన కొమ్మలన్నీ దాని నుంచే తీసినవి. ఆవిడ చీర బిగించి, దాని మొదలు దగ్గర మట్టిని చేతివేళ్లతో గీకడం మొదలుపెట్టింది. అంటు కట్టిన మొక్కకి మొదలు దగ్గర ముడిలాంటి బొడిపె ఉంటుంది, తన మొక్కకి అది లేదని చూపించాలి. జానెడు లోతులో చేతికి ఏదో గట్టిగా తగిలింది.

బొడిపె. నిమ్మకాయంత ఉంది, పాతబడి నల్లబారింది. మొక్క చేతికొచ్చిన ఇరవై రెండేళ్లలో ఒక్కసారైనా ఆవిడ అక్కడ గీకి చూడలేదు. అత్తయ్య ఇచ్చింది కదా అని.

మరిది నవ్వలేదు, అదే ఆవిడకి ఎక్కువ మండింది. "అమ్మ నాకు అంటు కట్టడం నేర్పింది దీని మీదే," అన్నాడు తాపీగా. "నీకు చెప్పలేదా వదినా? అడిగుంటే చెప్పేదేమో. నీకు అడిగే అలవాటెక్కడిది."

సూపర్‌వైజరు అటూ ఇటూ చూసి, వరసలోంచి ఆవిడ కుండీలు రెండు తలకిందులు చేసి మట్టిగడ్డ తీసి చూశాడు. వేళ్లు సన్నగా, దట్టంగా, ఒకే మొక్కవి. బొడిపె లేదు.

"నాకు కావలసింది ఇవే. పైన చచ్చినా మళ్లీ అదే మొక్క రావాలి," అన్నాడు. "కాని తల్లి అంటుది కదా. నాటు అని రాస్తే రేపు ఎవరో ఒకరు నన్ను అడుగుతారు. సొంత వేళ్లవి అని రాసివ్వండి, నలభై తీసుకుంటా."

నాటు అన్న ఆ పేరు మీదే ఆవిడ ఇరవై రెండేళ్లు బతికింది. దాన్ని వదిలితే నలభై మొక్కలు అమ్ముడవుతాయి, వదలకపోతే ఈ బేరమే చేజారుతుంది. ఆవిడ చేతి మట్టి దులుపుకుంది.

"పేరు ఏది రాసినా వేరు మారదు సార్. సొంత వేళ్లవే అని రాస్తా," అని సూపర్‌వైజరుకి చెప్పింది.

అతను వెళ్లాక గునపం తెచ్చింది. తల్లిమొక్క కొమ్మలు మోకాలెత్తుకి కత్తిరించి, చుట్టూ తవ్వి, గోనెలో చుట్టింది. తోటికోడలు అవతల నుంచి, "అక్కా, ఈ ఎండలో పీకితే బతకదే," అంది.

"బతికించుకోండి. అత్తయ్య చేతి పని నేర్చింది మీ ఆయనే కదా, ఆయన దగ్గరే ఉండనీ."

గోనెని కంచె మీద నుంచి అవతలికి తోసింది. మరిది రెండు చేతులా పట్టుకోక తప్పలేదు, లేకుంటే మట్టిగడ్డ విరిగేది.

"ఆ నాటు అన్న పేరు కూడా నువ్వే ఉంచుకో," అంది ఆవిడ. మూడేళ్లలో అతనితో నేరుగా అన్న మొదటి మాట అది. ఆ తర్వాత మళ్లీ కుండీలతోనే మాట్లాడింది.