మాబున్నీ అడిగిన పటం

మొహిద్దీన్ సాబ్ హిందూపురంలో పుట్టి పెరిగిన మనిషి. వయసులో ఉన్నప్పుడు అంగళ్లకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని ఎండిపోయాక బడి గోడల మీద పటాలు గీయడం మొదలుపెట్టాడు. హిందూపురం నుంచి పెనుకొండ దాకా, అటు ధర్మవరం దాకా ఏ సర్కారు బడి వరండాలో భారతదేశం కనిపించినా, రాష్ట్రం కనిపించినా అది చాలావరకు ఆయన చేతిదే. నీలిమందులో ముంచిన దారాన్ని గోడకు పట్టి లాగి వదిలితే గీత పడుతుంది. అట్లా నిలువుగా, అడ్డంగా గళ్లు వేసుకుని, పుస్తకంలోని పటాన్ని గడి తర్వాత గడిగా పెద్దది చేసి దింపుకుంటూ పోతాడు.

రాష్ట్రం రెండుగా విడిపోయినప్పుడు ఆ పటాలన్నీ మళ్లీ గీయాల్సి వచ్చింది. పై సగానికి సున్నం కొట్టేస్తే సరిపోతుందని మొదట అనుకున్నాడు. కొట్టాక చూస్తే మిగిలిన రాష్ట్రం గోడకు ఒక మూల వేలాడుతున్నట్టు ఉంది. మొత్తం చెరిపి, కొత్తగా గళ్లు వేసి, మధ్యలో గీశాడు. చేతికి పని దొరికింది, కాదనడానికి లేదు. కానీ తను గీసిన దాన్ని తనే చెరపడం ఆయనకు రోత పుట్టించింది. అప్పటికే కుడి భుజం పైకి లేవడం లేదు. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం కూడా ఎడమచేత్తో తినలేక, కుడిచెయ్యి కదపలేక కాసేపు ఊరికే కూర్చునేవాడు.

ఊహించి పటాలు గీసే అలవాటు ఆయనకు పెనుకొండలో పట్టుకుంది. ఒక బడిలో వరండా గోడ గీస్తుంటే పక్క గదిలో ప్రమోద అనే టీచరు సోషల్ పాఠం చెబుతోంది. యుద్ధంలో ఓడిపోయాక విజయనగరం రాజులు పెనుకొండకు వచ్చి ఇక్కడి నుంచే ఏలారని, ఆ తర్వాత చంద్రగిరికి మారారని చెప్పింది. ఆమె బయటికి రాగానే మొహిద్దీన్ సాబ్ నిచ్చెన మీది నుంచే అడిగాడు.

"మేడమ్, ఆ రాజులు యాడికీ పోకుండా ఈడే ఉండిపోయింటే?"

ప్రమోద నవ్వి గోడ వైపు చూసింది. "అయితే మీరు పెనుకొండకు ఇంత చిన్న చుక్క పెట్టేవాళ్లు కాదు సాబ్."

ఆ మాట ఆయన వెంట ఇంటికొచ్చింది. పాత క్యాలెండరు కాగితం తిరగేసి గీయడానికి కూర్చున్నాడు. పెనుకొండ చుట్టూ పెద్ద కోట గోడ, దేశంలోని దారులన్నీ దాని వైపే. రైళ్లన్నీ కలిసే జంక్షను పెనుకొండలో. హిందూపురమేమో ప్యాసింజరు రైలు మాత్రమే ఆగే చిన్న స్టేషను. ఇంకా దక్షిణాన బెంగళూరు అని ఒక సంత ఊరు, పెనుకొండ వాళ్లు కూరగాయలు తెచ్చుకునే చోటు. గీసినంతసేపు ఆయనకు నొప్పి గుర్తుకు రాలేదు. ఈ పటంలో ఏదీ ఎవరూ వచ్చి మార్చమనరు.

అట్లాంటివి చాలా గీశాడు. రైలు దారి హిందూపురం వైపు రాకుండా మడకశిర మీదుగా పోయినట్టు ఒకటి. హిందూపురంలోని పట్టుగూళ్ల సంతను సోమందేపల్లిలో పెట్టినట్టు ఒకటి. తను రంగులు కొనే అంగడి యజమాని శేషగిరికి మాత్రం చూపించేవాడు. శేషగిరి కళ్లజోడు ముక్కు మీదికి దింపి చూసి, "నీకు పనిలేదప్పా" అని నవ్వేవాడు.

జిల్లాలు విడదీస్తారనే మాట వచ్చినప్పుడు ఆ శేషగిరే మనిషిని పంపి పిలిపించాడు.

"సాబూ, హిందూపురం జిల్లా అయినట్టు ఒగటి గీయి. పెద్దగా గీయల్ల. కలెక్టరాఫీసు యాడ, కోర్టు యాడ, పెద్దాసుపత్రి యాడ, అన్నీ పెట్టు. జిల్లా కోసం దీక్షకు కూచుంటాండాము, ఆ టెంటులో కడతాము."

గీశాడు. దాన్ని ఫ్లెక్సీ కొట్టించి దీక్ష టెంటు వెనక కట్టారు. వచ్చిన వాళ్లంతా దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. వారం తిరక్కముందే పెనుకొండ నుంచి కొందరు వచ్చారు. రాజధానిగా ఉన్న ఊరు జిల్లా కేంద్రానికి పనికిరాదా అన్నారు. వాళ్లకూ గీశాడు. తర్వాత ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే గంగాధర్ ఫోను చేశాడు. మగ్గాలున్న ఊరు తమదని, పెద్ద జంక్షను తమదని, తమకూ ఒకటి కావాలన్నాడు. అదీ గీశాడు. మూడింటిలోనూ కొండలు, చెరువులు ఒకచోటే ఉన్నాయి. చుక్క మాత్రం ఊరు మారింది.

గంగాధర్ పట్టు కొనడానికి హిందూపురం వచ్చిన రోజు శేషగిరి వాళ్ల టెంటు ముందు నడిచిపోతూ ఆ పటం చూసి ఆగాడు. దిక్కులు చూపించే బాణం, చెరువుల నీలం, అక్షరాల వంపు, అన్నీ తమ ఊళ్లో కట్టిన దానిలాగే ఉన్నాయి. లోపలికి పోయి ఎవరు గీశారని అడిగాడు. సంగతి అక్కడే బయటపడింది. మొహిద్దీన్ సాబ్‌ను పిలిపించారు.

"ఏమప్పా సాబూ, నువ్వు యా ఊరోడివి?" అన్నాడు శేషగిరి అందరి ముందూ.

"ఈ ఊరోన్నే గదా శేషగిరీ. నీకు తెలీదా?"

"మరి ఆళ్లకెట్లా గీస్తివి?"

"అడిగినారు, గీసినా. నువ్వూ అడిగితివి, నీకూ గీసినా. ముగ్గురూ ఒగటే అడిగినారప్పా, ఊరి పేరు తప్ప."

ఎవరూ చెయ్యి చేసుకోలేదు గానీ కొన్ని మాటలు పడ్డాయి. రెండు నాలుకల మనిషని ఒకరు అన్నారు. ఆయన తలవంచుకుని ఇంటికి నడిచాడు. కొన్నాళ్లకు ఉత్తర్వు వచ్చింది. జిల్లా కేంద్రం హిందూపురం కాదు, పెనుకొండ కాదు, ధర్మవరం కాదు. పుట్టపర్తి. టెంట్లు విప్పేశారు. మొహిద్దీన్ సాబ్ గీసిన జిల్లా ఫ్లెక్సీని ఎవరో వేరుశనగ కట్టెవామి మీద వాన పడకుండా కప్పుకున్నారు. బడి గోడల మీది జిల్లా పటాలన్నీ మళ్లీ చెరిపి గీయాలని కబురొచ్చింది.

ఈసారి ఆయన ఒక్కడికీ చేతకాలేదు. భార్య మాబున్నీ వెంట వచ్చింది. ఆమె చిన్నతనం నుంచి రీలింగ్ యూనిట్లలో పట్టుగూళ్లు ఉడికే వేడినీళ్లలో చేతులు పెట్టి దారం తీసిన మనిషి. వేళ్ల కొసలు తెల్లగా నాని, పగిలి, ఏ వస్తువు పట్టుకున్నా తెలియకుండా అయ్యాయి. ఆ పని మానేసి ఇంట్లో ఉంటోంది. ఇప్పుడు నిచ్చెన పట్టుకోవడం, రంగులు కలపడం, దారం రెండో కొస పట్టడం ఆమె పని అయింది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునే వాళ్లు కాదు. పొద్దున బస్సు, పగలంతా గోడ, సాయంత్రం బస్సు.

ఒకరోజు సోమందేపల్లిలో బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు మాబున్నీ అంది.

"ఊరందరికీ గీస్తివి. నాకొగటి గీయి."

ఆయన ఆశ్చర్యపోయాడు. "నీకేం గీసేది?"

"మా వంకలో నీళ్లు."

మాబున్నీది నల్లమాడ పక్క పల్లె. వాళ్ల నాయనకు ఊరి పక్కన వాగులా పారే వంక ఒడ్డున చేను ఉండేది. వేరుశనగ వరసగా ఎండిపోయింది. వంకలో చెలమ తవ్వినా నీళ్లు పడలేదు. ఎద్దులను అమ్మి, పెళ్లాం పిల్లలను వెంటబెట్టుకుని హిందూపురం వచ్చి హమాలీ పనిలో చేరాడు. మూటలు మోసీ మోసీ, నెత్తురు కక్కుకుని పోయాడు. మాబున్నీ రీలింగుకు పోయింది. ఆ యూనిట్ బోర్డు రాయడానికి వచ్చిన మొహిద్దీన్ ఆమెను అక్కడే చూశాడు.

ఆయన ఆ పటాన్ని మిగతావాటికంటే జాగ్రత్తగా గీశాడు. అన్నీ ఆమెనే అడిగాడు. ఇల్లు ఏ దిక్కుకు ఉండేది, చింతచెట్టు వంకకు ఇవతలా అవతలా, దర్గాకు దారి ఎటు. ఆమె చెబుతూ పోయింది. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పనివి చెప్పింది. వాళ్ల నాయన వంకలో నిలబడి ఎద్దులను కడిగేవాడట. పెద్దెద్దు నీళ్లలోంచి రానని మొండికేసేదట. మొహిద్దీన్ సాబ్ వంకను నిండుగా నీలం చేశాడు. చేనుకు పచ్చ రంగు వేశాడు. రెండు ఎద్దులను కూడా గీశాడు. చివరగా పల్లె నుంచి హిందూపురానికి ఎర్రగా ఒక దారి గీసి ఆమె చేతికిచ్చాడు.

మాబున్నీ చాలాసేపు చూసి, ఆ ఎర్రగీత మీద వేలు పెట్టింది.

"ఈ దావ ఎందుకు?"

"హిందూపురం దావ."

"అది తెలుస్తాండాది. నీళ్లుంటే మేము హిందూపురం వచ్చే పనే లేదు గదా."

ఆయన నవ్వబోయాడు. "రాకుంటే నేను యాడ కనపడతా నీకు?"

ఆమె ఆలోచించింది. "కనపడవు" అంది.

"మరి?"

"దావ తీసెయ్యి."

ఆయన తెల్లరంగు తీసుకుని దారి మీద పూశాడు. ఆ తర్వాత కొన్ని రోజులు ఇద్దరి మధ్య పని మాటలు తప్ప వేరే మాట లేదు. నిచ్చెన పట్టు, నీలం ఇయ్యి, దారం లాగు. పుట్టపర్తి చుక్కను బడి తర్వాత బడిలో పెట్టుకుంటూ పోయాడు. ఇన్నేళ్ల కాపురం ఒక గీతతో పోతుందని ఆయన అనుకోలేదు. కోపం కూడా రాలేదు. కోపం తెచ్చుకోవడానికి ఓపిక ఉండాలి.

నల్లమాడ వైపు బడుల వంతు వచ్చింది. పని ముగిశాక, బస్సుకు ఇంకా పొద్దుందని, మాబున్నీ పల్లె వైపు నడిచింది. ఆయన వెనక నడిచాడు. ఇల్లున్న చోట మొండిగోడ. చేను ఎవరిదో అయింది. వంక నిండా సర్కారు తుమ్మ, మధ్యలో ఇసుక తీసిన గుంటలు. మాబున్నీ ఒక రాయి మీద కూర్చుని చెప్పులు విప్పి కాళ్లు ఇసుకలో పెట్టింది.

"మాబున్నీ, నేను వద్దనుకుంటివా?" అని అడిగాడు ఆయన ఇక ఉండబట్టలేక.

ఆమె పాదాలతో ఇసుకను పక్కకు తోసింది.

"నువ్వు వద్దని యాడ చెప్పినా? మా నాయన కావల్లంటి. మూటలు మోయకుండా, మంచంలో పండుకుని సచ్చిపోయిండాల్ల మా నాయన. ఆ దావ ఉంటే ఆయప్ప మళ్లీ మూట మోసేకి వస్తాడు. అందుకే తీసెయ్యమంటి."

"నాకు చెప్పింటే అర్థమయ్యేది గదా."

"గీసేటోడివి, నీకు తెలీదా అనుకుంటి."

ఆయన ఆమె పక్కన ఇసుకలో కూలబడ్డాడు. "ఇంగొగటి గీస్తా. నేనే నల్లమాడకు బోర్డు రాసేకి వచ్చినట్టు. ఈడే నిన్ను సూసినట్టు."

"వద్దులే. బస్సు పోతాది, లెయ్యి."

ఆమె లేచి చెయ్యి అందించింది. ఆయన పట్టుకుని లేచాడు.

ఆ తర్వాత ఆయన అట్లాంటి పటాలు గీయలేదు. శేషగిరితో మాటలు మళ్లీ కలిశాయి, రంగులు అక్కడే కొంటున్నాడు. ఆ ఏడాది వానలు విరగబడి కురిశాయి. వంకలు పొంగి రోడ్లు తెగాయి. మాబున్నీ మేనత్త కొడుకు ఫోను చేసి, మీ వంక ఒడ్డులు మునిగి పారుతోందని చెప్పాడు.

"పోయి సూసొద్దామా?" అని అడిగాడు మొహిద్దీన్ సాబ్.

"ఇప్పుడు పారితే ఎవురికి?" అంటూ మాబున్నీ చేటలో బియ్యం ఏరుకుంటూ ఉండిపోయింది. తెల్లారి ఇద్దరూ ధర్మవరం బస్సెక్కారు. వానకు గోడ పెచ్చులూడిన ఒక బడిలో పటం సరిచేయాల్సి ఉంది.