మెట్లు రాని చిప్‌లు

ఆ ప్రయోగశాలలో ప్రొఫెసరుని అందరూ పెద్దాయన అంటారు. ఆయన నవ్వు చూస్తే దర్జీ అక్కకి కంపరమెత్తుతుంది. పదకొండేళ్ళుగా అక్కడ ఆమె పని కుట్టడం. గోరంత చిప్‌ని మైక్రోస్కోపు కింద పెట్టి, వెంట్రుక కన్నా సన్నని బంగారు తీగతో దాని మొనల్ని బయటి పిన్నులకు అతికించడం. అందుకే ఆ పేరు. కుట్టాక, మహా చల్లని ద్రవ హీలియంలో ముంచి కరెంటు కొలిచేదీ ఆమే. అచ్చయిన వ్యాసాల్లో మాత్రం ఆమె పేరు ఒక్కసారీ కనపడలేదు.

చిప్ మధ్యలో ఉన్నది ట్రాన్సిస్టరే గానీ, అందులో కరెంటు పారే దారి మరీ ఇరుకు. ఎలక్ట్రాన్లు పక్కకి ఒత్తిగిలే చోటుండదు, వరసలో పోవలసిందే. ఆ దారిని అదుపు చేసే గేటు మీద వోల్టేజి పెంచేకొద్దీ ఒక్కో వరస తెరుచుకుంటుంది. దారి శుభ్రంగా ఉంటే కరెంటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఎక్కడో మలినం అడ్డుపడిందా, ఎలక్ట్రాన్లు గుద్దుకుని వెనక్కి మళ్ళుతాయి. మెట్లు చెరిగి ఏటవాలు గీత మిగులుతుంది.

ఆ ఏడు ముప్పై ఎనిమిది చిప్‌లు కొలిస్తే ఒక్కదానికే మెట్లొచ్చాయి. మెట్లు రానిదాన్ని మళ్ళీ ముట్టుకోకుండా డబ్బాలో పడెయ్యడం అక్కడి ఆనవాయితీ. పెద్దాయన ఆ ఒక్క గీతతో వ్యాసం రాయించి, మిగతావాటిని ఒక్క వాక్యంలో తేల్చేశాడు: కుట్టేటప్పుడు చేతి స్టాటిక్ విద్యుత్తు తగిలి పాడయ్యాయి. కొలతల పుస్తకంలోనూ అదే రాసి, రీసెర్చి అమ్మాయి చేత దర్జీ అక్క సంతకానికి పంపాడు.

"చిన్న సంతకమే కదక్కా," అంది ఆ పిల్ల నేలచూపులు చూస్తూ.

"చిన్నదైతే నువ్వే పెట్టు తల్లీ. నీకూ చేతులున్నాయిగా."

ఆ సంతకం పడితే ఇక ఏ ప్రయోగశాలా ఆమె చేతిని నమ్మదు.

ఇంట్లో మొగుడు, బస్సు డిపో మెకానిక్, అంతా విని గడ్డం గోక్కున్నాడు. "బస్సు తయారీలో లోపముంటే మా దగ్గరా నట్టు బిగించినవాడిదే తప్పు. ఇంతకీ ఆ చిప్‌లని నువ్వు చంపావా లేదా?"

"స్టాటిక్ కొడితే గేటు కింది పొర చిల్లిపడి కరెంటు కారుతుంది."

"కారిందా?"

"ఎవరు చూశారు? డబ్బాలో పడేశాంగా."

"మరి ఏడుస్తావేంటే, వెళ్ళి చూడు!"

చూసింది. డబ్బా కిందికి దించి మూడు రోజులు ఒక్కో గేటూ పరీక్షించింది. పంతొమ్మిదోది కారింది. దాన్నీ రాసింది. మిగతా ముప్పై ఆరూ నిక్షేపంగా ఉన్నాయి.

కాగితం పెద్దాయన బల్ల మీద పెట్టింది. "ఒకటి నేనే చంపాను సార్, ఒప్పుకుంటున్నా. ముప్పై ఆరింటికి మెట్లు రాకపోవడం నా చేతి పాపం కాదు. మీరు చేసిన చిప్ దారిలోనే ఏదో మురికుంది."

పెద్దాయన నవ్వాడు. "దానికంత ఆయాసమెందుకమ్మా? నీ చేతుల మాట తీసేద్దాం."

ఆమె ఊపిరి పీల్చుకుంది.

"అసలు మిగతా చిప్‌ల మాటే తీసేద్దాం. ఒకటి చేశాం, మెట్లొచ్చాయి. ఎవరికీ బాధ లేదు."

తన మీది మరక తుడవడానికి అంతకన్నా మురికి గుడ్డ తెచ్చాడు ఈ మనిషి! ఈ వ్యాసం చదివి ఇంకెక్కడో ఇంకో కుట్టేవాడు ఆ మెట్ల కోసం ఏళ్ళ తరబడి కళ్ళు పొడుచుకుంటాడు. రాకపోతే అక్కడి పెద్దాయన వాడి చేతుల్నే తిడతాడు. పేరున్నవాళ్ళ అబద్ధం ఎప్పుడూ పేరు లేనివాళ్ళ నెత్తినే పడుతుంది. దాన్ని విజ్ఞానం అని పిలవడం మరీ రోత.

"ఏంటమ్మా, ఇంకా నిలబడ్డావు? పనైపోయిందిగా."

"మీదైపోయింది సార్."

మర్నాడు మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కకి నెట్టి, ముప్పై ఎనిమిది గీతలూ, గేటు కొలతలూ, తాను చంపినదానితో సహా, ఆ వ్యాసం వెళ్ళిన పత్రిక సంపాదకుడికి పంపడానికి కంప్యూటరు ముందు కూర్చుంది. రీసెర్చి అమ్మాయి వెనక నిలబడి చూసింది. "ఉద్యోగం ఊడుతుందక్కా," అంది మెల్లగా.

"ఊడితే ఊడనీ. ఇతని నవ్వు చూసే పీడ వదులుతుంది."

పత్రిక ఫారంలో హోదా అన్న గడి దగ్గర ఆమె వేలు ఒక్క క్షణం ఆగింది. "అన్నీ కుట్టి, కొలిచినదాన్ని" అని రాసి పంపించింది.