సుద్దముక్క గీసిన చోటు

నా డప్పు నేను కొట్టుకోవడం నాకు చేతకాదు. వాయించేది డోలక్కు కాబట్టి ఆ అవసరమూ పడలేదు. రోజంతా పోర్టు గోదాములో గుమాస్తా పని, సెలవు దొరికితే డోలక్కు. వాయించడం కన్నా గుమాస్తా పనే నాకు బాగా వచ్చునని మా ఆవిడ నమ్మకం. గోదాములో మా పైఅధికారి నమ్మకం సరిగ్గా దీనికి తలకిందులు.

నేను వాయించేది ఒక్కడి పాటకే. అతను ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు మీద పనిచేసేవాడు. గొంతెత్తితే ఐసు ఫ్యాక్టరీ మోత కూడా చిన్నబోయేది. తాళం లెక్కలు తెలియవు, నా చేతులకేసి చూస్తూ పాడేవాడు. మూడో చరణంలో నేను వేగం పెంచితే టక్కున అందుకునేవాడు. ఎంత పెంచాలన్నది ఆ పూట ఎదురుగా కూర్చున్న జనాన్ని బట్టి. దాని గురించి మేమెప్పుడూ మాట్లాడుకున్నది లేదు.

ఎనభైల మొదట్లో ఊరికి క్యాసెట్ల గాలి సోకింది. బజారులో ఒక మేడ మీద స్టూడియో వెలిసింది. గోడలకు గోనెసంచులు, వాటి మీద కోడిగుడ్ల అట్టలు. అతని పాటలతో క్యాసెట్ తీస్తామన్నారు. సాయంత్రానికల్లా ఆ సంగతి హార్బరంతా చెప్పేశాడు.

గదిలో మైకు ఒక్కటే. ఎవరెంత దూరంలో ఉండాలో రికార్డిస్టు నేల మీద సుద్దముక్కతో గీసేవాడు. మద్రాసులో పనిచేసి వచ్చిన మనిషి. గట్టిగా మోగేవాడు వెనక్కి వెళ్లాలి, అది శబ్దం లెక్క. మేం మాత్రం ఆ గీతలతోనే మా మర్యాదలూ కొలుచుకునేవాళ్లం. మైకు దగ్గరివాడికి టీ ముందొచ్చేది. గోడవారన ఉన్నవాడికి చల్లారాక వచ్చేది.

ప్రతి టేకుకీ నా గీత వెనక్కి జరిగింది. గోడ, గుమ్మం, చివరికి వరండా. సంగీతంలో నేనింత దూరం వెళతానని మా గురువు కూడా అనుకుని ఉండడు.

తలుపు ఓరగా వేశారు. నేను కనపడక అతను చరణం తప్పాడు. మళ్లీ తప్పాడు. ఓడ కూత వేయడం వల్ల ఒక టేకు పోయింది. ఆ రోజు మా తప్పు కానిది అదొక్కటే.

“మా బావ కనపడకపోతే నాను ఎలాగ పాడతానండీ?” అన్నాడతను, నేనున్న వరండాకేసి చెయ్యి చూపిస్తూ.

“పాడేది నోటితోనా, కళ్లతోనా?” అన్నాడు రికార్డిస్టు.

“రెండిటితోనండీ.”

అందరూ నవ్వారు, అతను తప్ప. స్టూడియో యజమాని లోపల్నుంచి రిథమ్ బాక్సు తెచ్చాడు. మీట నొక్కితే డోలక్కులా అదే మోగుతుంది.

“దీంతో పాడు. లేదంటే ఇక్కడితో ఆపేద్దాం. రేపట్నుంచి గది వేరేవాళ్లది.”

అతను వరండాలోకి వచ్చాడు. “ఏటి సెయ్యమంటావ్ బావా? మానీసి ఎలిపోదుమా? బోటోల్లందరికీ సెప్పీసినాను.”

“మానీకు. నాను లోపలికొత్తాను. వాయించను, ఊరికే సేతులాడిత్తాను. నువ్వు నాకేసి సూసి పాడు.”

డోలక్కు వరండాలో ఉండిపోయింది. రికార్డిస్టు నాకు మైకు పక్కనే గీత గీశాడు. బాక్సు మోగుతుంటే దాన్ని అనుసరించి ఉత్త గాలిని వాయించాను. మూడో చరణంలో చేతులు ఉరకబోయాయి గానీ బాక్సు ఒప్పుకోదు కదా, పట్టుకున్నాను. అతను ఒక్క అక్షరం తప్పకుండా పాడాడు. ఆ పూట నాకూ టీ వేడిగానే వచ్చింది.

క్యాసెట్ హార్బర్ టీ కొట్లన్నిటిలో మోగింది. “డోలక్కు అదరగొట్టీసినావ్ బావా” అనేవాళ్లు. నేను కాదంటే వినయమనుకున్నారు.

రెండో క్యాసెట్టుకు నా చేతులు కూడా అక్కర్లేకపోయాయి. బాక్సు మోత నేరుగా వినపడేలా అతని చెవులకు హెడ్‌ఫోన్లు ఇచ్చారు. ఆ తర్వాత ఎన్ని పాడాడో నాకు తెలియదు.

మళ్లీ కలిసి కూర్చున్నది ఒడ్డున అమ్మవారి పండగకి. ఇసక మీద జనం కిటకిటలాడుతున్నారు. ఈసారి నా డోలక్కు అతని పక్కనే, ఏ గీతా లేకుండా. మూడో చరణం రాగానే జనాన్ని చూసి వేగం పెంచాను.

అతను అందుకోలేదు. తలెత్తి చూస్తే కళ్లు మూసుకుని ఉన్నాడు. పాట బాక్సు నడకలోనే, నిబ్బరంగా సాగిపోతోంది. కాసేపు ఒక పాట రెండు పడవలయింది. నేనే వెనక్కి వచ్చి అతని నడకలో కలిశాను. జనం ఈలలు వేశారు.

వేదిక దిగుతూ నా భుజం మీద చెయ్యి వేశాడు. “ఏటి బావా, మూడో సరణంలో తడబడిపోనావ్?”

“సెయ్యి జారింది బావా,” అన్నాను.