చింతపండు బుట్ట కింద లైబ్రరీ

కన్యకాపరమేశ్వరి అక్షరాలు బళ్ళో కంటే ముందు పొట్లాల మీద నేర్చుకుంది. తండ్రి కిరాణా కొట్టులో ఆవాలు, మెంతులు, ఇంగువ అన్నీ పాత పత్రికల కాగితాల్లోనే కట్టేవారు. పొట్లం కాగితం మీద కథ సగంలో ఆగిపోతే ఆ పూట పిల్లకి అన్నం సయించేది కాదు. మిగతా సగం ఏ సరుకుతో ఏ ఇంటికి వెళ్ళిందో తండ్రిని అడిగి తెలుసుకుని ఆ గుమ్మం ముందు నిలబడేది. "అత్తయ్యగారూ, పొద్దున్న మీరు పట్టుకెళ్ళిన మెంతుల పొట్లం కాగితం పారేశారాండి?" కొందరు నవ్వుతూ వెతికి ఇచ్చేవారు. కొందరు పొయ్యిలో వేశామనేవారు. పొయ్యిలో పోయిన ఆ కథల దిగులు పరమేశ్వరికి పెద్దయినా తీరలేదు.

అలాంటి పిల్ల లైబ్రేరియన్ కాక మరేమవుతుంది? తండ్రి పోయాక కొట్టు తల్లి పాపాయమ్మ చేతికొచ్చింది. ట్రైనింగు పూర్తిచేసిన పరమేశ్వరికి సొంత ఊరి శాఖా గ్రంథాలయంలోనే ఉద్యోగం దొరికింది. నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్ళే దారిలో కాలవ దాటితే వచ్చే చింతగరువు ఆ ఊరు. రైసుమిల్లు పక్కన పెంకుటిల్లు, నాలుగు బీరువాలు, రెండు బల్లలు, ఓ గోడగడియారం. పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. ముప్పై రెండేళ్ళకే ఆ నాలుగు బీరువాలకీ ఆవిడ మహారాణి. "పెళ్ళెప్పుడమ్మా?" అని ఎవరైనా అడిగితే "స్టాక్ వెరిఫికేషన్ అయ్యాకండి" అనేది. అదేమిటో తెలియక అడిగినవాళ్ళు ఊరుకునేవారు.

ఆ ఊళ్ళో మగవాళ్ళకి లైబ్రరీ అంటే పేపరు. బుజ్జిబాబుగారని ఓ మోతుబరి రైతు, గడియారం ఎనిమిది కొట్టకముందే వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవారు. పేపరు మధ్య కాగితం ఆయన చదివి వదిలితేనే ఇంకొకరి చేతికి వెళ్ళేది. అలాగని ఎవరూ రూలు పెట్టలేదు, అలా జరిగిపోతూ వచ్చిందంతే. ఆడవాళ్ళు ఆ గుమ్మం తొక్కేవారు కాదు. వారపత్రికలు మాత్రం మొగుళ్ళ కార్డుల మీద ఇళ్ళకి వెళ్ళొస్తూ ఉండేవి. అంతెందుకు, కూతురు లైబ్రేరియన్ అయిన ఆరేళ్ళలో పాపాయమ్మే ఒక్కసారి కూడా అటు రాలేదు. "నాకు కొట్టు చూసుకోడానికే తీరదు, ఇంకా చదువులా!" అనేది.

1978 అక్టోబరు ఆఖర్లో జిల్లా కేంద్ర గ్రంథాలయం నుంచి ఉత్తరం వచ్చింది. మీ శాఖలో స్త్రీ సభ్యులు ఏడుగురే ఉన్నారు, నవంబరు గ్రంథాలయ వారోత్సవాలు ముగిసేలోగా కనీసం యాభైమంది కాకపోతే శాఖను పక్క ఊరికి తరలించే విషయం ఆలోచిస్తాం, ఇరవయ్యో తారీఖున ఇన్‌స్పెక్టరు గారు వచ్చి చూస్తారు. ఇదీ దాని సారాంశం. ఆ ఏడుగురూ హైస్కూలు టీచర్ల భార్యలు. పరమేశ్వరి ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి సొరుగులో పెట్టింది. తన ఉద్యోగం పక్క ఊళ్ళోనైనా సాగుతుంది. కానీ కాలవ దాటి పక్క ఊరెళ్ళి చదివేవాళ్ళు చింతగరువులో ఒక్కరైనా ఉంటారా?

"యాభై ఎంత, వంద చేస్తాను" అంది బుజ్జిబాబుగారితో.

"ఆయ్, చెయ్యండి చెయ్యండి" అన్నారాయన పేపరులోంచి తలెత్తకుండా.

కార్యక్రమం ఘనంగానే తయారుచేసింది. పధ్నాలుగున ప్రారంభం, పిల్లలకి వక్తృత్వం, వ్యాసరచన, పాటల పోటీ, తర్వాత పుస్తక ప్రదర్శన, ఆఖరిరోజు మహిళా దినం. ప్రదర్శన కోసమని పాత వారపత్రికల కట్టలు విప్పింది. అక్కడ అసలు సంగతి బయటపడింది. రెండేళ్ళ పత్రికల్లో సీరియల్ ఉండాల్సిన పేజీలు ఒక్కటీ లేవు. అంచు వెంబడి చక్కగా కోసి తీసేశారు. పత్రిక తిరిగొచ్చినప్పుడు తను అట్ట చూసి కార్డు ఇచ్చేసిందే తప్ప లోపలి పేజీలు ఏనాడూ లెక్కపెట్టలేదు. తప్పు తనదే. తప్పు తనదని తెలిసినప్పుడు మనిషికి ఎదుటివాళ్ళ మీద కోపం ఇంకాస్త ఎక్కువ వస్తుంది. ఆ ఊపులో ఓ నోటీసు రాసి గుమ్మం పక్క నల్లబోర్డుకి అంటించేసింది.

'పత్రికలలోని పేజీలను దొంగిలించినవారు వెంటనే తిరిగి ఇవ్వవలెను. లేనిచో వారి పేర్లు ఈ బోర్డుపై వ్రాయబడును.'

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అయింది ఊరు ఊరంతా. పధ్నాలుగో తారీఖు ప్రారంభానికి మనుషులు లేరు. ఆరోజు కార్తీక పున్నమి కదా, నరసాపురం గోదావరి స్నానాలకి వెళ్ళుంటార్లే అని సర్దిచెప్పుకుంది. పదిహేనున వక్తృత్వానికి ఐదుగురు పిల్లలొచ్చారు. పదహారున వ్యాసరచనకి ఇద్దరే వచ్చారు, అందులో ఒకడు చెయ్యి నొప్పంటూ వెళ్ళిపోయాడు. ఇళ్ళకి వెళ్ళి పిలిస్తే తలుపు ఓరగా తీసి "వంట్లో బాగాలేదండి" అనేవారు. వీధి వీధంతటికీ ఒకే జబ్బు.

ఆ గురువారం సాయంత్రం విసిగిపోయి ఆరింటికే తాళం వేసి కొట్టుకి నడిచింది. రోజూ ఏడు దాటాక వచ్చే కూతురు ఆ వేళకి వస్తుందని పాపాయమ్మ అనుకోలేదు. కొట్టు ముందు మిల్లు వీధి రైతు భార్య అచ్చాయమ్మ నిలబడి ఉంది. ఆవిడ సంచి అందిస్తే పాపాయమ్మ అందులోంచి ఏదో తీసి చింతపండు బుట్ట కిందకి తోసింది. బుట్ట కిందనుంచే ఇంకోటి తీసి సంచిలో పెట్టి, పైన కందిపప్పు పొట్లం వేసింది. పరమేశ్వరిని చూడగానే అచ్చాయమ్మ సంచి చంకన పెట్టుకుని "వత్తానండి" అంటూ గబగబా వెళ్ళిపోయింది.

పరమేశ్వరి బుట్ట ఎత్తింది. కింద నాలుగు కుట్టిన పుస్తకాలున్నాయి. సిమెంటు సంచి కాగితం అట్ట, గోనె సంచులు కుట్టే దబ్బనంతో కుట్టు. లోపల సీరియల్, మొదటి వారం నుంచి వరసగా. అక్కడక్కడా లైబ్రరీ ముద్ర.

"అమ్మా! వీటిని చింపింది నువ్వా?"

"చింపడమేంటే? తలా ఒకటీ రెండూ బ్లేడుతో కోసి కుట్టుకున్నాం. చింపితే అక్షరాలు పోవూ?" అంది పాపాయమ్మ త్రాసులో పప్పు సరిచేస్తూ.

పుస్తకం వెనక పేజీ నిండా పెన్సిలు రాత. మెట్లింటివారు, గానుగవారు, మిల్లు వీధి అచ్చాయమ్మ, తూర్పింటి కోడలు... ఒక్కో పేరు పక్కన తీసుకున్న తిథి, ఇచ్చిన తిథి. ఒకరి దగ్గర ఎనిమిది రోజులు మించి ఉంటే పక్కన చిన్న సున్నా. అచ్చాయమ్మ పేరు పక్కన 'నలుగురికి చదివి వినిపిస్తుంది, పది రోజులు' అని రాసి ఉంది. పరమేశ్వరి వేలుతో లెక్కపెట్టింది. తమ ఇంటితో కలిపి అరవై మూడు ఇళ్ళు.

పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. తను సభ్యుల కోసం చెప్పులు అరగదీసుకుంటుంటే, ఇంట్లో అన్నం వడ్డించే తల్లి అరవైమూడు మంది సభ్యులతో సరుకుల సంచుల్లో లైబ్రరీ నడుపుతోంది. అందులో గడువు మీరినవాళ్ళకి గుర్తులు కూడానూ!

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఆఫీసరువి. నీకు తెలిస్తే నీ ఉద్యోగానికి మాటొస్తుందని చెప్పలేదు." త్రాసు కింద పెట్టింది పాపాయమ్మ. "దొంగల పేర్లు బోర్డు మీద రాస్తానన్నావుగా. రాయి. మొదట నా పేరే రాయి. వారానికో ముక్క చదివి తర్వాతేమైందో అని ఏడురోజులు కూర్చోవడం ఎంత బాధో, పొట్లం కాగితాల కోసం గుమ్మాలు తిరిగినదానివి, నీకు నేను చెప్పాలా?"

పరమేశ్వరికి సిగ్గేసింది. ఏనాడూ ఎవరిముందూ పడనంత సిగ్గు. అరవైమూడు ఇళ్ళ ఆడవాళ్ళని దొంగలని రాసి బోర్డుకి అంటించింది తనే. ఆ రాత్రి అన్నాలయ్యాక చెయ్యి కడుక్కుంటూ పరమేశ్వరి "సోమవారం మధ్యాహ్నం మీ ఆడవాళ్ళందరికీ తీరుతుందా?" అని అడిగింది. "కార్తీక సోమవారం. ఉపవాసాలు. తీరకేం?" అంది పాపాయమ్మ.

శుక్రవారం పొద్దున్నే పాత నోటీసు గీకిపారేసి కొత్తది అంటించింది.

'ఇరవయ్యో తారీఖు సోమవారం మధ్యాహ్నం మూడింటికి కుట్టిన పుస్తకాల ప్రదర్శన. ఆడవారికి మాత్రమే. ఎక్కడివని ఎవరినీ అడగం. బాగా కుట్టినవారికి బహుమతి. మొన్నటి నోటీసుకి క్షమించవలెను. క.పరమేశ్వరి.'

బుజ్జిబాబుగారు అది నిలబడి చదివారు. "ఉపవాసం రోజున నీరసంతో ఎవరొస్తారండీ?"

"ఉపవాసం కడుపుకేనండి, కళ్ళకి కాదు. పైగా ఆరోజు పొయ్యి దగ్గర సగం పని ఉండదు. మీ ఇంట్లో అడగండి."

ఆ మూడు రోజులూ ఒక్కరినీ బతిమాలలేదు. ప్రతి గుమ్మం ముందూ నిలబడి "తప్పయిందండి, సోమవారం రండి" అని, సమాధానం కోసం చూడకుండా ముందుకి నడిచింది. వస్తారని ఆవిడకి నమ్మకం. చదివే రుచి తెలిసినవాళ్ళు వస్తారు.

సోమవారం రెండున్నరకే ఇన్‌స్పెక్టరు జోగేశ్వరరావుగారు బస్సు దిగారు. తిరుగు బస్సు ఆరింటికి. మూడయింది. చాపలు పరిచి ఉన్నాయి, మనుషులు లేరు. "చెప్పానా?" అన్నట్టు చూశారు బయట అరుగు మీద బుజ్జిబాబుగారు. మూడూ పదికి మిల్లు వీధిలోంచి అచ్చాయమ్మ, ఆవిడ వెనక వినేవాళ్ళు నలుగురూ వచ్చారు. తర్వాత గానుగవారు, తర్వాత తూర్పింటి కోడలు. నాలుగయ్యేసరికి గుమ్మం ముందు చెప్పులు పెట్టడానికి చోటు లేదు. చేతుల్లో సరుకుల సంచులు, సంచుల్లో పుస్తకాలు. క్యాలెండరు బొమ్మల అట్టలు, చిరిగిన పట్టుచీర అంచుతో వేసిన అట్టలు, ఒకదానికి రవిక గుడ్డ. నలభై ఒకటి లెక్కతేలాయి.

జోగేశ్వరరావుగారు కళ్ళజోడు సవరించుకుని ఒకటి తిప్పారు. లైబ్రరీ ముద్ర వేసే పదిహేడో పేజీ దగ్గర ఆగారు.

"ఇది మన ముద్రే కదమ్మా?"

చాపల మీది సంచులు ఒళ్ళోకి చేరాయి.

"మనదేనండి" అంది పరమేశ్వరి. "అన్నింటి మీదా ఉంటుంది."

"అయితే నష్టం కింద రాయాలి."

"రాయండి, సంతకం పెడతాను. నేను లోపల చూడకుండా వాపసు తీసుకున్నాను, అది నా తప్పు. కానీ పక్కనే ఇంకో మాట కూడా రాయాలి. విడి పత్రికలు కిందటేడు తుపానుకి ఒక బీరువాలోవన్నీ తడిసిపోయాయండి. ఇవి ఒక్కటీ తడవలేదు. వీళ్ళు బియ్యం డబ్బాల్లో దాచారు. పత్రికలు తీసుకెళ్ళి పుస్తకాలు చేశారు. ఇవాళ తిరిగిస్తే నంబర్లు వేసి బీరువాలో పెట్టుకుంటాను."

"తిరిగిస్తే అంటున్నారు. ఇచ్చేవాళ్ళేరి?"

అదే చిక్కు. ఎవరూ కదల్లేదు. రాత్రిళ్ళు దీపం పెట్టుకుని కుట్టుకున్నవి ఊరికే ఎలా ఇస్తారు? పరమేశ్వరి అడగలేదు. అడిగితే మళ్ళీ నోటీసు అంటించినట్టే ఉంటుందని నోరు మూసుకుని నిలబడింది. గోడగడియారం నాలుగున్నర కొట్టింది.

అప్పుడొచ్చింది పాపాయమ్మ, కొట్టుకి తాళం వేసి. ముప్పై ఏళ్ళలో సోమవారం సాయంత్రం ఆ కొట్టు మూతపడడం అదే మొదలు. గుమ్మం బయట కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి నాలుగు పుస్తకాలూ బల్ల మీద పెట్టింది.

"ఇవి నేను కోసినవండి. కుట్టిందీ నేనే. తీసుకోండి. కానీ ఇందులో ఆఖరి రెండు వారాలూ నేనింకా చదవలేదు. అందుకని ముందు నాకు కార్డు ఇమ్మనండి మీ లైబ్రేరియన్ గారిని."

పరమేశ్వరి రిజిస్టరు తెరిచింది. కలం అందించింది. పాపాయమ్మ నిదానంగా సంతకం పెట్టి, "ఎన్ని రోజులు ఉంచుకోవచ్చు?" అంది.

"పధ్నాలుగు."

"అంత తాత్సారమైతే వెనకవాళ్ళేం కావాలే! మాకు ఎనిమిదే."

అచ్చాయమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే లేచి తన పుస్తకం బల్ల మీద పెట్టి వేలిముద్ర వేసింది. చదవడం వచ్చినా రాయడం రాదట ఆవిడకి. ఆ తర్వాత వరస కట్టారు. మెట్లింటివారి పేరు సత్యకుమారి అని ఊరికి ఆరోజే తెలిసింది. తూర్పింటి కోడలు సంతకం పెట్టి, తన అక్షరాలు తనే కాసేపు చూసుకుంది. బస్సు వేళకి జోగేశ్వరరావుగారు రిజిస్టరు లెక్క చూశారు. కొత్త సభ్యులు అరవై ఒకటి. పాపాయమ్మ లెక్కలో మిగిలిన ఇద్దరిలో ఒకావిడ పురిటికెళ్ళింది, ఇంకొకావిడకి ఈమధ్యే పాపాయమ్మతో మాటలు పోయాయి. ఆయన తనిఖీ పుస్తకంలో ముందు నష్టం రాశారు. దాని కిందే 'తిరిగి స్టాకులో చేర్చడమైనది. శాఖ ఇక్కడే కొనసాగవలెను' అని రాసి సంతకం పెట్టారు. ఆడవాళ్ళు చుక్కలు చూసి ఉపవాసం విడవడానికి ఇళ్ళకి పోయారు. పరమేశ్వరి ఒక్కతీ కూర్చుని, ముందు చెప్పిన మాట ప్రకారమే, అరవై ఒక్క పేర్లూ సుద్దముక్కతో బోర్డు మీద రాసింది. మొదటి పేరు వాళ్ళమ్మది.

మర్నాడు గడియారం ఎనిమిది కొడుతుండగా బుజ్జిబాబుగారు వచ్చేసరికి కిటికీ పక్క కుర్చీలో పాపాయమ్మ కూర్చుని ఉంది. చేతిలో పేపరు మధ్య కాగితం. ఆయన పరమేశ్వరి వంక చూశారు. పరమేశ్వరి రిజిస్టరులోంచి తలెత్తలేదు.

"పాపాయమ్మగారూ, అయిపోయిందాండి?"

"ఇంకో కాలమ్ ఉందండి. కూర్చోండి."

బుజ్జిబాబుగారు వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు.