చెవితో చెరువు కాసిన సత్యవేదం

సత్యవేదం రోజూ తెల్లవారకముందే లేచి, చెరువు గట్టు దిగి, నీటి అంచున బోర్లా పడుకునేవాడు. చెవిని నీటికి జానెడు ఎత్తులో పెట్టి, ఊపిరి బిగబట్టి వినేవాడు. చూసినవాళ్ళు ప్రార్థన చేసుకుంటున్నాడనుకునేవారు. అదీ అబద్ధం కాదు. "ప్రభువా, ఈ పూటకి చప్పుడు లేకుండా చూడు" అని ఒక్క మాట అనుకున్నాకే చెవి పెట్టేవాడు.

ఆయన వినేది చేపల గుటకల కోసం. నీళ్ళలో గాలి చాలనప్పుడు చేపలు పైకి తేలి, నోళ్ళు తెరిచి గాలి మింగుతాయి. వేల నోళ్ళు ఒక్కసారి తెరుచుకుంటే, దూరాన సన్నగా వాన పడుతున్నట్టు ఉంటుంది. ఆ చప్పుడు చెవిన పడగానే కాపలావాడు ఇంజను వేసి నీటిని ఎగజిమ్మాలి, ఆక్సిజన్ మాత్రలు చల్లాలి. గంట ఆలస్యమైతే చెరువు నిండా తెల్లటి పొట్టలే.

వేరే కాపలావాళ్ళు టార్చిలైటు వేసి చూసుకుంటారు. సత్యవేదానికి ఆ వీలు లేదు. రెండు కళ్ళకీ శుక్లాలు కమ్మి మూడేళ్ళయింది. పగలు మనుషులు నీడల్లా కదులుతారు, మసక వెలుతురులో అదీ ఉండదు.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కొల్లేటి అంచున ఉన్న ఆ పదెకరాల చెరువు నరసింహరాజుగారిది. గట్టు మీది రేకుల ఇల్లు కాపలా పనితో పాటు ఇచ్చినది. పని పోతే ఇల్లు పోతుంది. పూర్వం ఒకసారి ప్రభుత్వం వాళ్ళు కొల్లేట్లో చెరువు గట్లు కొట్టేసినప్పుడు, భార్య లిడియాతో కలిసి సామాను నెత్తిన పెట్టుకుని నాలుగు నెలలు బడి వరండాలో పడుకున్నాడు. అరవయ్యో ఏట మళ్ళీ ఆ వరండాకి పోవడం ఆయన వల్ల కాదు.

ఆపరేషన్ చేయించుకోవచ్చు కదా అంటే, అక్కడ ఇంకో భయం. ఆయన అన్న జకరయ్య ఎక్కడో కంటి ఆపరేషన్‌కి వెళ్ళి, ఒక కన్ను పోగొట్టుకుని తిరిగొచ్చాడు. అన్న కట్టు విప్పిన రోజు పక్కనే ఉన్నవాడు సత్యవేదం. అప్పటినుంచి కత్తి అన్న మాట వింటేనే కళ్ళకి చేయి అడ్డం పెట్టుకునేవాడు.

ఎవరికీ తెలియదని ఆయన అనుకున్నాడు గానీ, ఊళ్ళో దయ గల కళ్ళు చాలానే ఉన్నాయి. లిడియా చెంబు, చెప్పులు, ఇంజను తాళం పెట్టిన చోటు ఏనాడూ మార్చలేదు. కిరాణా కొట్టులో చిల్లర చేతిలో పెడుతూ ఏది ఏ నోటో పైకి చెప్పేవారు. చెరువు పక్క కాలవలో తాటిదోనె మీద వలలు ఎత్తుకోవడానికి వెళ్ళే పెద్దింటమ్మ, గట్టు దగ్గరికి రాగానే గెడ ఆపి గట్టిగా అనేది:

"సత్యమన్నయ్యా! ఇయ్యాల నీ చేపలు అడుగునే ఉన్నాయి. ఒక్కటీ పైకి రాలేదు. అమ్మవారి దయ!"

"ప్రభువు దయ!" అని ఆయన ఇటునుంచి అనేవాడు.

"ఇద్దరి దయానూ! పోట్లాడుకోరులే వాళ్ళు," అని నవ్వి ఆవిడ దోనె ముందుకు తోసేది.

మూడేళ్ళపాటు ఆయన చెవీ, ఆవిడ మాటా కలిసి ఆ చెరువుని కాశాయి.

కిందటేడు డిసెంబరులో క్రిస్మస్‌కి మూడు రోజుల ముందు మబ్బు పట్టింది. ఎండ లేకపోతే నీళ్ళలో గాలి తగ్గుతుంది. ఆ మూడు రోజులూ సత్యవేదం అన్నం సరిగా తినలేదు. దానికి తోడు ఊరి ప్రార్థన మందిరం పైన హెన్రీ మైకు కట్టాడు. హెన్రీకి సౌండుబాక్సులు అద్దెకిచ్చే పని. అన్ని ఊళ్ళకీ ఒక లెక్క, సొంత ఊరికి ఒక లెక్క. నాలుగు మూలలకీ నాలుగు మైకులు పెట్టి, తెల్లవారుజామున నాలుగింటికే క్రిస్మస్ పాటలు మొదలుపెట్టేవాడు. వాటి వెనకే టపాకాయలు. ఆ హోరులో చేపల గుటకలు ఎక్కడ వినబడతాయి?

పండగ ముందు రోజు సాయంత్రం సత్యవేదం మందిరం దాకా వెళ్ళాడు. రేపు పొద్దున ఐదు నిమిషాలు మైకు ఆపమని అడగాలని. హెన్రీ వైర్లు చుడుతూ తలెత్తాడు.

"ఏం మావా, ఇలా వచ్చావు? నీకేదైనా పాట పెట్టమంటావా?"

ఎందుకు ఆపాలని అడిగితే ఏం చెప్పాలి?

"ఆఁ... పెట్టు. గట్టిగా పెట్టు," అనేసి వెనక్కి వచ్చేశాడు.

దారంతా తనని తాను తిట్టుకున్నాడు.

పండగ తెల్లవారింది. లిడియా పులిహోరకి సాయం చేయడానికి ముందే మందిరానికి వెళ్ళింది. సత్యవేదం ఎప్పటిలాగే నీటి అంచున పడుకున్నాడు. ఆయన గట్టిగా పెట్టమన్న మైకే మోగుతోంది. చెవిలో అదే, తలలో అదే. చేయి నీళ్ళలో పెట్టాడు, చల్లగా ఉంది, అంతే. అప్పుడు పక్షుల కోసం విన్నాడు. చేపలు పైకి తేలితే కొంగలు, గూడబాతులు మూగి గోలచేస్తాయి. ఇవాళ ఒక్క పిట్టా అరవలేదు. హమ్మయ్య అనుకున్నాడు. టపాకాయల మోతకి పక్షులన్నీ ఎప్పుడో కొల్లేట్లోకి లేచిపోయాయని ఆయనకి తట్టలేదు. ఇన్నేళ్ళ కాపలాలో ఆయన చేసిన తప్పు అదొక్కటే.

మనసు కుదుటపడకుండానే కొత్త చొక్కా తొడుక్కుని వెళ్ళి, మందిరంలో ఆఖరి వరసలో కూర్చున్నాడు. పెద్దింటమ్మ మాట ఇంకా వినలేదన్నది ఒక్కటే లోపల ముల్లులా ఉంది. బయట మంచు దట్టంగా ఉంది, ఆవిడకి ఆలస్యమై ఉంటుంది.

పాస్టరు నిత్యానందంగారు ప్రార్థన మధ్యలో ఉండగా గుమ్మం దగ్గర అలికిడయింది. మోకాళ్ళ దాకా తడిసిన చీరతో పెద్దింటమ్మ. ఎప్పుడూ మందిరం గడప తొక్కనిది, రొప్పుతూ లోపలికి వచ్చేసింది.

"సత్యమన్నయ్యా! చెరువంతా నోళ్ళే!"

సత్యవేదం లేచాడు. లేచినవాడికి అడుగు పడలేదు. నాలుగు నెలలు పడుకున్న ఆ వరండా, అన్న కంటి కట్టు, రాజుగారి కారు చప్పుడు, అన్నీ ఒక్కసారి మీద పడ్డట్టయింది. లిడియా వచ్చి చేయి పట్టుకుంది.

నిత్యానందంగారు కళ్ళు తెరిచి, "ఆమెన్ చెరువు దగ్గర అందాం, పదండి," అన్నారు.

గట్టు మీద ఆయన కాళ్ళకి దారి తెలుసు. ఇంజను తాళం ఎప్పటి చోటే ఉంది. మొదటిసారి తిప్పితే దగ్గింది. రెండోసారీ అంతే. "ప్రభువా, నా మీద కోపం చేపల మీద చూపకు," అని మూడోసారి తిప్పితే అందుకుంది. కానీ పదెకరాలకి ఒక్క ఇంజను ఒక మూలకే సరి. మిగతా నీటి నిండా బొచ్చె చేపలు, శీలావతులు నోళ్ళు తెరుచుకుని తిరుగుతున్నాయి. ప్రార్థనకని హెన్రీ మైకు ఆపేసిన ఆ నిశ్శబ్దంలో ఇప్పుడు ఆ చప్పుడు అందరికీ వినబడింది. అంతవరకూ కబుర్లాడుతూ వచ్చినవాళ్ళు నోరు మూసుకున్నారు.

పెద్దింటమ్మ తన వాళ్ళని కేకేసింది. కాలవలోని ఆరు దోనెల్ని గట్టు మీదుగా మోసి చెరువులో దింపారు. గెడలతో నీళ్ళని బాదుతూ చుట్టూ తిరిగారు. కొత్త చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు కుచ్చిళ్ళు ఎగదోపి నడుము లోతుకి దిగి, పళ్ళేలతో, బకెట్లతో నీళ్ళు ఎగజిమ్మారు. హెన్రీ ఇస్త్రీ ప్యాంటుతోనే దూకి, చేతులతో నీళ్ళు కొడుతూ అరిచాడు:

"మావా! ఒకసారి బాప్తిస్మం తీసుకున్నాం కదా, మళ్ళీ ఎందుకయ్యా?"

"నీకు మొదటిది సరిగ్గా అంటలేదురా!" అని నీళ్ళలోంచి ఎవరో ముసలమ్మ అంది.

నవ్వారు గానీ చేతులు ఆపలేదు. సత్యవేదం మాత్రం నవ్వలేదు. మాత్రల బస్తా భుజాన వేసుకుని, గట్టంతా చల్లుకుంటూ తిరిగాడు. "తగ్గాయా? ఇప్పుడు తగ్గాయా?" అని కనబడిన ప్రతి నీడనీ అడిగాడు. తొమ్మిది దాటాక మబ్బు చీలి ఎండ వచ్చింది. చేపలు ఒక్కొక్కటే అడుక్కి దిగాయి. వందకి లోపే చచ్చి తేలాయి.

ఎవరు ఫోను చేశారో గానీ పదింటికి రాజుగారి కారు వచ్చింది. హెన్రీ సత్యవేదం చెవిలో గొణిగాడు. "ఇంజను మొరాయించిందని చెప్పు మావా. మేమంతా అదే అంటాం."

అబద్ధానికి సాయం చేయడానికి ఇంతమంది తడి బట్టలతో నిలబడ్డారు. అందుకే సత్యవేదానికి అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"అయ్యగారండీ, తప్పు ఇంజనుది కాదండి. నాకు కళ్ళు కనబడవండి. మూడేళ్ళయిందండి."

నరసింహరాజుగారి మొహం ఎలా ఉందో సత్యవేదానికి కనబడదు. చెప్పులు గట్టు మట్టిలో అటూ ఇటూ కదలడం మాత్రం వినబడింది.

"మూడేళ్ళా? కనబడకుండా ఈ గట్టు మీద తిరుగుతున్నావా? చేపలు పోతే పోయాయి, నువ్వు పోతే లిడియమ్మకి నేనేం చెప్పాలయ్యా?" గొంతులో కోపమే ఉంది. "చూడు, నేను మెత్తగా చెప్పలేను. చూపు లేనివాణ్ణి కాపలా పెట్టుకోలేను. ఏలూరులో కంటి ఆపరేషన్ ఉచితంగా చేస్తున్నారు. వచ్చే నెలాఖరులోగా చేయించుకుని రా. అందాకా పెద్దింటమ్మ చూస్తుంది, ఇల్లు ఎక్కడికీ పోదు. చేయించుకోకపోతే మటుకు వేరే మనిషిని చూసుకుంటాను."

"ఆయ్," అన్నాడు సత్యవేదం.

రాజుగారు కారు తలుపు తీశారు. లిడియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. సత్యవేదం కారు తలుపు చప్పుడు వచ్చిన వైపు చేతులు చాపుతూ నాలుగడుగులు వేసి, కారు అద్దం పట్టుకున్నాడు.

"ఒక్క ఉపకారం చేయాలండి. లిడియాకి కూడా చెప్పలేదండి, పోయినేడు రెండుసార్లు ఏలూరు వెళ్ళానండి. ఆస్పత్రి గేటు దాకా వెళ్ళి, భయమేసి, వచ్చిన బస్సే ఎక్కి వచ్చేశానండి. లిడియా తీసుకెళ్తే ఏడ్చి దాన్ని కూడా వెనక్కి తెచ్చేస్తాను. మీ మాట కాదనలేనండి. మీరే నా చెయ్యి పట్టుకుని లోపలి మంచం దాకా తీసుకెళ్ళండి. డాక్టర్లు నా కళ్ళ మీద గుడ్డ కప్పేదాకా వదలకండి."